నర్సు దారిలో ఉంది

వదిన ఆస్పత్రి నుంచి వచ్చేసరికి బాగా తెల్లవారింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఎవరి వంకా చూడకుండా తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళింది. మోచేతుల దాకా సబ్బు రాసి, వేళ్ళ సందులు కూడా వదలకుండా కడుక్కోవడం నర్సుగా ఆమెకు ఏనాటి నుంచో ఉన్న అలవాటు. ఇవాళ మాత్రం కడిగిన చేతుల్నే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

"ఎలా ఉన్నాడమ్మా ఆయన?" వంటింటి గుమ్మంలోంచి అత్తగారు అడిగింది.

"స్పృహ రాలేదత్తయ్యా."

ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న చంటికి ఆ మాట వినబడింది. తల తిప్పలేదు. తిప్పితే వదిన మొహం చూడాలి.

ఆ ముందుగదే వాళ్ళ ఆఫీసు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు, తోడులేని ముసలివాళ్ళ ఇళ్ళకు నర్సుల్ని పంపడం వాళ్ళ పని. వదిన, ఆమె భర్త కలిసి మొదలుపెట్టారు. నర్సుల్ని కూడగట్టి పని నేర్పింది ఆమె. యాప్ రాసింది అతను. ఎవరింటికి ఎవరు వెళ్ళాలి, ఎవరు సెలవు పెట్టారు, బదులు ఎవరిని పంపాలి, ఏ ఇంటికి ఏం కబురు చెప్పాలి, అన్నీ ఆ యాపే చూసుకునేది. రాసిన మనిషి జబ్బు చేసి పోయాడు. ఇంకా ఏడాది తిరగలేదు. అన్న చావుకు వచ్చిన చంటి మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. ఉద్యోగం మానేసి అన్న కుర్చీలో కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆ యాప్‌ను కంటికి రెప్పలా కాచుకుంటున్నాడు.

ఆ రెప్ప మొన్న పడింది.

గడియారాలు బాగుచేసే తాత ఒకాయన ఉన్నాడు. కాలికి మానని పుండు, ఒంటినిండా షుగరు. పొద్దుటా మధ్యాహ్నమూ నర్సు వెళ్ళి ఇన్సులిన్ ఇచ్చి, కట్టు మార్చాలి. మొన్న ఆ నర్సు సెలవు పెట్టింది. సెలవు సంగతి యాప్‌లో ముందే రాసి ఉంది. అయినా ఆమె బదులు ఎవరూ వెళ్ళలేదు. పైగా తాత కూతురి ఫోనుకు 'నర్సు దారిలో ఉంది' అని కబురు వెళ్ళింది. కూతురు ఆ మాట నమ్మి పనికి పోయింది. సాయంత్రం తలుపు తీసేసరికి ఆయన కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. వదిన ఆ క్షణం నుంచీ ఆస్పత్రిలోనే ఉంది. చంటి కంప్యూటర్ ముందునుంచి లేవలేదు.

"ఎక్కడ తప్పిందో దొరికింది వదినా" అన్నాడు, ఆమె తుడుచుకుంటూ లోపలికి రాగానే.

"ఎక్కడ?"

"నా చేతిలో."

వదిన తువ్వాలు మడిచి కుర్చీ వీపు మీద వేసింది. చంటి తెర వైపే చూస్తూ చెప్పుకుపోయాడు. అన్నయ్య ఈ యాప్‌ను ఒక ఫ్రేమ్‌వర్క్ మీద కట్టాడు. ఫ్రేమ్‌వర్క్ అంటే ఇంటికి చట్రం లాంటిది. గోడలూ తలుపులూ కిటికీలూ మనమే కట్టుకోవాలి. ఆ చట్రం పాతబడింది. దాన్ని చేసినవాళ్ళు ఇక తాము మరమ్మతులు చెయ్యబోమన్నారు. అలాగే వదిలేస్తే ఏ దొంగైనా దూరవచ్చు. అందుకని తను పోయినవారం కొత్త చట్రానికి మార్చాడు. అంతా పరీక్షించాననే అనుకున్నాడు. పాతదాంట్లో యాప్ ముందు సెలవులు చూసి, ఆ తర్వాత కబురు పంపేది. కొత్తదాంట్లో సెలవులు చూసేలోపే కబురు పంపేస్తోంది. కబురు వెళ్ళింది గనక నర్సు బయల్దేరినట్టే లెక్కగట్టి, బదులు మనిషిని వెతకడం మానేస్తోంది. మార్చిన తర్వాత ఇంకే నర్సూ సెలవు పెట్టలేదు. దెబ్బ ఆ ఒక్క ఇంటి మీదే పడింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెత అతని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సామెతలు చెప్పుకునే వేళ కాదది.

వంటింట్లోంచి వచ్చిన అమ్మ గది మూల నర్సుల తెల్లకోట్లు ఒళ్ళో పెట్టుకుని, ఊడిన గుండీలు కుడుతోంది.

"ఇది ఆపేద్దాం చంటీ" అంది వదిన.

"సరిదిద్దేశాను వదినా. మళ్ళీ జరగదు."

"ఇది జరగదు. ఇంకోటి జరుగుతుంది."

అతను కుర్చీ వెనక్కి తిప్పాడు. అప్పుడు చూశాడు ఆమె మొహం. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ ఏడ్చిన జాడ లేదు. వదిన తన సంచీలోంచి చిన్న లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి తెరిచింది. తెర మీద నర్సుల పేర్లు, ఇళ్ళు, సెలవులు, రంగురంగుల గడులు. ఇదీ యాపే. పేజీలు మాత్రం కాస్త మోటుగా ఉన్నాయి.

చంటికి చూడగానే అర్థమైంది. కోడ్ రాయనక్కర లేకుండా, తయారుగా ఉన్న గడుల్ని లాగి ఒకదానికొకటి అతికిస్తే యాప్ అయిపోయే బిల్డర్లు బజారులో బోలెడున్నాయి. లో-కోడ్ అంటారు. వదిన అలాంటిదొకటి పట్టుకుంది.

"ఎప్పట్నుంచి చేస్తున్నావు ఇది?"

"తీరిక దొరికినప్పుడల్లా. పేషెంట్ల ఇళ్ళలో సెలైన్ ఎక్కేదాకా కూర్చోవాలిగా."

"నాతో ఒక్క మాటైనా చెప్పలేదే."

"చెబుదామనే ప్రతిసారీ నీ దగ్గరికి వచ్చాను. నువ్వు ఆ కోడ్ చదువుకుంటూ నీలో నువ్వే నవ్వుకుంటూ ఉండేవాడివి. చెప్పబుద్ధి అయ్యేది కాదు."

అది నిజమే. అన్న రాసిన కోడ్ నిండా అతని మాటలుంటాయి. కంప్యూటర్ పట్టించుకోని, చదివే మనిషి కోసం మాత్రమే రాసిన మాటలు. ఒకచోట 'ఇక్కడ చెయ్యి పెట్టకు, కాలుతుంది' అని ఉంటుంది. ఇంకోచోట 'ఇది ఎలా నడుస్తోందో నాకే తెలియదు, నడిచేదాన్ని ఆపి అడక్కు' అని ఉంటుంది. మరోచోట ఒక లెక్కకు 'అమ్మ లెక్క' అని పేరు పెట్టాడు. ఎందుకంటే అమ్మ వడ్డించినట్టే, దానికి ఎన్ని ఇచ్చినా ఎప్పుడూ ఒకటి ఎక్కువే చూపిస్తుంది. అవి చదువుతుంటే అన్న పక్కగదిలోంచి కేకేసి మాట్లాడుతున్నట్టే ఉండేది చంటికి.

చంటి లేచి నిలబడ్డాడు. ఆ బిల్డర్ గురించి తనకు తెలిసిన చెడ్డంతా చెప్పాడు. అది మనది కాదన్నాడు. మన పేషెంట్ల వివరాలన్నీ తీసుకెళ్ళి ఎవరింట్లోనో పెట్టడమేనన్నాడు. రేపు ఆ కంపెనీ చేతులెత్తేస్తే మనం రోడ్డు మీద పడతాం. వాళ్ళకు తోచినప్పుడు నియమాలు మారుస్తారు. అద్దె కొంపలో గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి, ఇదీ అంతే.

"పైగా అన్నయ్య రాసిన బదులు వెతికే పద్ధతి దీంట్లో రాదు. ఏ ముసలాయనకి ఎవరంటే పడుతుంది, ఎవరి చేతి కట్టయితే నెప్పి పుట్టదు, అదంతా చూసి మనిషిని ఎంచుతుంది అన్నయ్య కోడ్. నీ గడులకి అది చాతవుతుందా?"

"చాతవదు."

"మరి?"

"నేను అడుగుతాను. ఫోన్ చేసి, ఫలానా అమ్మాయిని పంపనా అని నోటితో అడుగుతాను." వదిన గొంతు పెరగలేదు. "నువ్వు చెప్పినవన్నీ నిజమే కావచ్చు చంటీ. కానీ ఇందులో ఏదైనా తప్పితే నాకు కనబడుతుంది. మన పెద్ద నర్సుకి కనబడుతుంది. కనబడితే మేమే దిద్దుకుంటాం. దాంట్లో తప్పితే నీకొక్కడికే తెలియాలి. నీకు జ్వరమొస్తే? నువ్వు ఊళ్ళో లేకపోతే? నువ్వుండగానే ఇంత జరిగింది."

గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది ఆ ఆఖరి మాట. నొప్పి తట్టుకోలేనివాడు చేతికి ఏది దొరికితే అది విసురుతాడు. చంటికి దొరికింది ఒకే మాట.

"యాప్ కాదు వదినా నీకు బరువైంది. అన్నయ్య గుర్తులు."

అమ్మ చేతిలో సూది ఆగింది.

వదిన అతని వైపు చూసింది. లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకుని, అమ్మ ఒళ్ళోంచి గుండీలు కుట్టిన కోటు ఒకటి తీసుకుంది. ఒక పేషెంటు ఇంటికి టైమవుతోందని అత్తగారితో చెప్పి, నిద్ర లేని కళ్ళతోనే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అమ్మ తిడుతుందేమోనని చూశాడు చంటి. తిట్టినా బాగుండును. ఆమె కొత్త దారం తీసి, సూది బెజ్జంలోకి ఎక్కించడానికి ప్రయత్నిస్తోంది. ఎక్కడం లేదు. అతను వెళ్ళి ఎక్కించి ఇచ్చాడు.

"ఆయన కూతురికి చెప్పావా?" అంది అమ్మ.

"ఏం చెప్పాలి?"

"ఇందాక వదినతో చెప్పావే, నీ చేతిలో తప్పిందని. ఆ మాట."

* * *

తాత కూతురు సిటీ బస్సులో కండక్టరు. చంటి వెళ్ళేసరికి యూనిఫారంలోనే ఆస్పత్రి వరండాలో బెంచీ చివర కూర్చుని ఉంది. డ్యూటీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉండిపోయింది కాబోలు. భుజాన తోలుసంచీ కూడా తియ్యలేదు.

చంటి తనెవరో చెప్పాడు. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చోకుండానే, మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని భయపడుతూ గబగబా చెప్పేశాడు. నర్సు తప్పు కాదు. మా వదిన తప్పు కాదు. యాప్‌ను మార్చింది నేను. నేను మార్చడం వల్లే మీకు అబద్ధపు కబురు వచ్చింది.

ఆమె అరవలేదు. మెల్లగా అంది.

"ప్రతి స్టాపులోనూ ఫోన్ తీసి చూశానండీ. నర్సు దారిలో ఉంది అనే చూపించింది. మధ్యాహ్నం నాన్నకి ఫోన్ చేశాను. ఇంకా రాలేదే, తినకుండా కూర్చున్నానన్నాడు. దారిలో ఉందట నాన్నా, వచ్చేస్తుందిలే అన్నాను నేను." ఆమె చేత్తో మొహం తుడుచుకుంది. "దారిలో ఉన్న బస్సు కాస్త ఆలస్యమైనా వస్తుంది కదా. రోజూ జనానికి నేను చెప్పే మాటే అది."

"మాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే..." అనబోయి చంటి నాలిక కరుచుకున్నాడు.

ఆ సగం మాట ఆమెకు వినబడింది.

"చేద్దామనే అనుకున్నాను. ఇన్నాళ్ళలో మీరు ఒక్కసారి కూడా తప్పలేదు. ఊరికే అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను."

ఎక్కడో లోపల ట్రాలీ చక్రాల చప్పుడు వినిపించింది. ఇద్దరూ అటు చూశారు. వాళ్ళ కోసం కాదు.

"మీ అన్నయ్య ఉండగా మా ఇంటికి వచ్చేవాడు" అందామె. "నాన్న దగ్గర కూర్చుని గడియారాల గురించి అడిగేవాడు. ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆయనే ఉంటే ఇలా జరిగేదా?"

జరిగేది కాదంటే ఒక నిజం, జరగవచ్చంటే ఇంకో నిజం. ఏది చెప్పినా తన బరువు దించుకోవడానికే అవుతుంది. తెలియదండీ అని మాత్రం అన్నాడు. ఆమె తల ఊపింది. తర్వాత ఎందుకో, ఇంటికి వెళ్ళి ఏమైనా తినండి, మొహం పీక్కుపోయింది అంది.

తాత ఆ మధ్యాహ్నమే పోయాడు.

పోయేటప్పుడు వదిన దగ్గరే ఉంది. పేషెంటు ఇంటి నుంచి మళ్ళీ ఆస్పత్రికే వెళ్ళింది ఆమె. డాక్టర్ని చంటే వెళ్ళి అడిగాడు. గుండె ముందునుంచీ బలహీనంగా ఉంది, పుండు చీము రక్తంలోకి ఎక్కింది, ఇన్సులిన్ రెండు పూటలు తప్పింది. వీటిలో దేనివల్ల అంటే ఏం చెప్పను అన్నాడు డాక్టరు. మీ వల్లనే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను అన్నాడు. ఆయన వైపునుంచి అది నిజాయితీయే. చంటికి మాత్రం ఆ మాట పట్టుకుని నిలబడటానికి వీల్లేకపోయింది, కూలబడటానికీ వీల్లేకపోయింది.

తాతను ఇంటినుంచి తీసుకెళ్ళేటప్పుడు ముగ్గురూ వెళ్ళారు. వీధిలో ఒక వారగా నిలబడ్డారు. లోపల గోడల నిండా ఎవరెవరివో గడియారాలు, బాగైనవీ కానివీ, తలా ఒక టైము చూపిస్తూ కొట్టుకుంటున్నాయి. వాటికి సంబంధించిన వాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలని, ఏది ఎవరిదో తనకు తెలియదని కూతురు ఎవరితోనో చెబుతోంది. వదిన వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చంటి వెళ్ళలేకపోయాడు.

* * *

మర్నాడు అతను అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపిన ముద్దనే మళ్ళీ కలుపుతున్నాడు. ఆస్పత్రికి వెళ్ళే ముందు తను వదినను అన్న మాట గుర్తొస్తోంది. క్షమించమని అడగాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

వదినే మొదలుపెట్టింది.

"ఆ యాప్ ఆపెయ్యమని మొదట అన్నది నేను కాదు చంటీ. మీ అన్నయ్య."

అతని చెయ్యి ఆగింది.

ఆస్పత్రిలో ఉన్న చివరి రోజుల సంగతి అది. దిండ్లకు జేరగిలబడి కూర్చోగలిగిన ఒక పొద్దుట, అన్న ఆమె చేత లాప్‌టాప్ తెప్పించుకున్నాడట. తన కోడ్ తెరుస్తాడేమో అనుకుందామె. అతను ఆ బిల్డర్ తెరిచాడు. నా వల్ల కాదు, నాకు కంప్యూటర్లు రావు అంటున్నా వినకుండా, ఆమె వేలు పట్టుకుని మొదటి గడి లాగించాడు. నర్సుల పేర్ల పేజీ ఆ రోజే అయింది. గడి వంకరగా పడితే, ఫరవాలేదు నర్సులు తిన్నగానే నడుస్తారు అని నవ్వించాడట. అప్పుడే మాట తీసుకున్నాడు.

"ఏమన్నాడు?" చంటి అడిగాడు.

"నా కోడ్ చంటి చేతిలో పెట్టకు అన్నాడు. నేనేమీ గొప్పగా రాయలేదు, నాకు తోచినట్టు అతుకులేశాను, నా బుర్రలో ఉన్నది సగం అందులో లేదు అన్నాడు. వాడికిస్తే అది నేనే అనుకుని పట్టుకు వేలాడతాడు. వాడి బతుకు వాణ్ణి బతకనివ్వు అన్నాడు."

నిన్నగాక మొన్న ఆమెను తను ఏమన్నాడో ఇద్దరికీ గుర్తుంది. ఆ వంకర గడుల పేజీని చూసి మోటుగా ఉందనుకున్నదీ అతనికి గుర్తుంది. అది అన్న చేయించిన పేజీ.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా?"

వదిన గిన్నె మీద మూత సర్దింది. సర్దిన మూతే మళ్ళీ సర్దింది.

"చెబితే వెళ్ళిపోతావని" అంది చివరికి. "నీకిక్కడ ఉన్న పని అదొక్కటే. అది లేదంటే నీ ఉద్యోగానికి నువ్వు పోతావు. పోవాలి కూడా. కానీ ఈ ఇంట్లో నేనూ అత్తయ్యా ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకుంటాం? ఆవిడ నన్ను చూస్తే కొడుకు గుర్తొస్తాడు. నేనావిడని చూస్తే ఆయన ముక్కు, ఆయన నవ్వు. నువ్వు ముందుగదిలో కూర్చుని ఆ కీబోర్డు టకటకలాడిస్తుంటే ఇంట్లో మనిషి అలికిడి ఉండేది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వచ్చాను." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి. "నీ చేతిలో తప్పిందన్నావు. నేను ఆ మాట ముందే చెప్పి ఉంటే నీ చేతిలోకే వచ్చేది కాదు కదా. నాది కూడా తప్పే చంటీ. ఆస్పత్రిలో ఆ తాత చెయ్యి పట్టుకుని కూర్చున్నంతసేపూ అదే అనుకున్నాను."

అమ్మ ఎప్పుడు వచ్చిందో, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మాయ్" అంది కోడలితో. "వాడు చెప్పినప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. నిద్రపోతున్నాననుకున్నారు మీరిద్దరూ."

ఇద్దరూ తలెత్తి చూశారు. అమ్మ వచ్చి చంటి పక్కన కూర్చుని, చల్లారిన కంచం తీసి పక్కన పెట్టి, వేరే కంచంలో వేడి అన్నం వడ్డించింది. ఇల్లు ఖాళీ అయిపోతుందన్న ఒకే భయాన్ని ముగ్గురూ దాచుకున్నారని తేలాక, ఇక ఒకర్నొకరు నిందించుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు.

* * *

ఆ వారమంతా చంటి, వదిన ముందుగదిలో పక్కపక్కన కూర్చుని పని చేశారు. పాత యాప్‌లో ఉన్న ఇళ్ళ వివరాలు, మందుల వేళలు ఒక్కొక్కటే కొత్తదాంట్లోకి మార్చారు. చంటి తన భయాలు వదులుకోలేదు. అద్దె ఇల్లే అయినప్పుడు మన సామాను నకలు మన దగ్గర ఉండాలని పట్టుబట్టి, వివరాలన్నీ ప్రతివారం ఇంట్లో కంప్యూటర్‌లోకి దించుకునే ఏర్పాటు చేశాడు. అన్న పెట్టిన బదులు వెతికే పద్ధతిని ఎన్ని రకాలుగా ప్రయత్నించినా ఆ గడుల్లోకి ఎక్కించలేకపోయాడు. ఎక్కదని తేలిన రోజు వదిన నర్సుల్ని పిలిచి, ఎవరికి ఎవరంటే పడుతుందో వాళ్ళ నోటనే చెప్పించుకుంది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ వాదన రాలేదు. 'నర్సు దారిలో ఉంది' అనే కబురు ఇక యాప్ తనంతట తాను పంపదు. నర్సు తన ఇంటి గడప దాటి, తన చేత్తో నొక్కితేనే వెళుతుంది. ఆ మార్పు వదినే చేసింది. చేసి, సరిగ్గా ఉందా అని చంటిని చూడమంది. సరిగ్గా ఉంది. అతను తల ఊపాడు.

పాత యాప్ ఆపే పని చంటిదే అయింది. ఒక పొద్దుట, ఇంకా ఫోన్లు మోగడం మొదలవకముందు, కోడ్ మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకసారి తెర మీద జరుపుకుంటూ పోయాడు. 'చెయ్యి పెట్టకు, కాలుతుంది' దగ్గర ఆగాడు. 'అమ్మ లెక్క' దగ్గర ఆగాడు. చెరిపెయ్యనక్కర లేదు. ఆపితే చాలు. ఎక్కడిది అక్కడే ఉంటుంది, నడవదు. నడవకపోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. ఆపేశాడు. తెర మీద కదులుతున్న గీత ఒకటి కదలడం మానేసింది. అమ్మ వచ్చి అతని తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే అతని పాత ఆఫీసు మేనేజరు ఫోన్ చేశాడు. నీ కుర్చీలో ఇంకా ఎవర్నీ కూర్చోబెట్టలేదు, వచ్చేస్తావా, ఏ సంగతీ రెండు రోజుల్లో చెప్పు అన్నాడు. చంటి ముందుగదిలోనే మాట్లాడాడు. చెబుతాను సార్ అన్న మాటొక్కటే ఇంట్లోవాళ్ళకు వినబడింది. ఎవరి ఫోన్ అని ఎవరూ అడగలేదు. అడగకపోవడాన్ని బట్టే వాళ్ళకు తెలిసిపోయిందని అతనికి అర్థమైంది.

సాయంత్రం వదిన కొత్త యాప్‌లో మిగిలిపోయిన చిల్లర పనులు చూసుకుంటోంది. అమ్మ ఆమె పక్కనే కూర్చుని, ఉతికిన కోట్లు మడతపెడుతోంది. వాళ్ళిద్దరూ అలా ఒకే బల్ల దగ్గర కూర్చోవడం చంటి చాలా నెలల తర్వాత చూశాడు. చూసి, లోపలికి వెళ్ళబోతుంటే వదిన పిలిచింది.

"చంటీ, ఇక్కడొక గడి మిగిలింది. యాప్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని అడుగుతోంది. ఎవరి పేరు రాయను?"

ఆమె అతని వైపు చూడకుండానే అడిగింది. అమ్మ మడతపెడుతున్న కోటు చేతుల్లో సగంలో ఉంది.

రెండు పేర్లు అతని మనసులో మెదిలాయి. ఒకటి తన పేరు. రెండోది వదిన పేరు. ఏది చెప్పినా, చెప్పింది యాప్ గురించి కాదని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"ప్రస్తుతానికి ఖాళీగా వదిలెయ్యి వదినా."

"వదిలేసి చూశాను" అంది వదిన. "ముందుకు వెళ్ళనివ్వడం లేదు."